ఒంటికన్ను దొంగ మా ఇంటికొచ్చిన వానాకాలం

ఆ వానాకాలం మా ఇంట్లోకి ఒక సముద్రపు దొంగ వచ్చి తిష్ఠ వేశాడు. ఒంటికన్ను, కట్టె కాలు, బుర్రలో గుజ్జు బొత్తిగా లేదు. వాణ్ని తెచ్చింది మా ఆయన. అసలు వాణ్ని పుట్టించిందీ ఆయనే. మా అమ్మాయి చిన్నప్పుడు తిండి దగ్గర నోరు తెరవకుండా మొండికేసేది. నేను పక్కన మిషను తొక్కుతుంటే, ఆ చప్పుడు మీద ఈయన అప్పటికప్పుడు పాట కట్టి పాడేవాడు. పిల్ల నవ్వడానికి నోరు తెరిచేది, ముద్ద లోపలికి పోయేది.

ఒంటికన్ను దొంగ వచ్చె, ఓడ మీద ఎక్కి వచ్చె
ఎక్కి వచ్చి ఏమి తెచ్చె? ఎర్ర ఉల్లి మూట తెచ్చె
ఒక్క కన్ను ఎంత ఏడ్చె? ఓడ నిండ నీళ్లు చేర్చె

ప్రతిసారీ వాడు వస్తాడు, ప్రతిసారీ ఓడెక్కే వస్తాడు, ప్రతిసారీ పనికిమాలినదేదో తెస్తాడు. ఇంకోసారి బూట్లు తెచ్చాడు.

ఎక్కి వచ్చి ఏమి తెచ్చె? ఏడు జోళ్ల బూట్లు తెచ్చె
ఒక్క కాలు కట్టె కాలు, ఒక్క బూటు తనకు చాలు

పిల్ల పెద్దదైంది. కళ్లజోళ్ల దుకాణంలో పనికి చేరింది. దొంగ ఏ దీవికి పోయాడో మేమెవరం పట్టించుకోలేదు. అలాంటిది తొలి వానలు పడిన వారంలో, తల నెరిసిన మా ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మళ్లీ వాణ్ని గొణగడం మొదలుపెట్టాడు. పిల్ల తినడం మానలేదు, ఇంట్లో చంటిపిల్లలు లేరు. మరి ఎవరికోసం ఈ పాట? ఈ వయసులో మొగుడికి కవిత్వం పొంగిందంటే ఏ పెళ్లానికైనా అనుమానం రావాలి. నాకు వచ్చింది.

నేను దర్జీని. కొలత రెండుసార్లు తీస్తాను. పోయినసారి కొలతలే వేసేయండి అని ఎవరైనా అంటే అస్సలు నమ్మను. నడుము దగ్గర మనుషులు చెప్పినన్ని అబద్ధాలు ఇంకెక్కడా చెప్పరు. ఇంట్లోనూ నాకదే అలవాటు. అందుకే గొణుగుడు వినపడగానే మిషను ఆపాను, చెవి అటు వేశాను.

ఆయన నోరు మూతపడింది.

మళ్లీ తొక్కాను. కాసేపటికి దొంగ మళ్లీ ఓడెక్కాడు. మాటల మధ్యలో ఇంకేదో అంటున్నాడు, గొడుగు అనో గోడ అనో. సరిగ్గా విందామని కాలు తీశాను. టక్కున ఆగిపోయాడు. నా వంక చూశాడు, తప్పు చేసి దొరికిన మనిషి చూసినట్టే చూశాడు. ఆ వారమంతా నేను అదే పనిగా మిషను ఆపి చూశాను. ఆపిన ప్రతిసారీ ఆయన మాట మింగేశాడు. మిషను మోత ఉంటే నాకు వినపడదన్న ధైర్యంతోనే నోరు తెరుస్తున్నాడని తేల్చుకున్నాను. ఇందులో దాపరికం లేదంటే నా కత్తెర కూడా నమ్మదు.

ఇంకోటి కూడా ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయన నాకు వేళాకోళానికి ఒక పేరు పెట్టాడు. టైలరమ్మా అని. ఊళ్లోవాళ్లకి నేను దర్జీని, పిల్లకి అమ్మని, ఆ పిలుపు మాత్రం ఆయనొక్కడిది. పోట్లాడుకున్న రోజుల్లోనూ అలాగే పిలిచేవాడు, కాకపోతే కాస్త గట్టిగా. ఈ వానలు మొదలయ్యాక ఆ పిలుపు లేదు. గుమ్మంలో నిలబడి దగ్గుతున్నాడు. కావలసిందేదో వేలితో చూపిస్తున్నాడు. ఏమడిగినా తలాడిస్తున్నాడు. కొత్త పిలుపు ఇంకెవరికో దక్కి, నాకు దగ్గు మిగిలిందనుకున్నాను. ఆ మనిషి నాకు ఉన్నాడా, పోయాడా అన్నదొక్కటే ఆ రోజుల్లో నా ధ్యాస.

ఆయనది లాంచీల రేవులో మైకు ఉద్యోగం. ఏ లాంచీ వచ్చింది, ఏది కదులుతోంది, ఏ మెట్టు పాచిపట్టింది, అన్నీ ఆయన గొంతే చెప్పాలి. రేవులో అందరూ ఆయన్ని మైకు బాబాయ్ అనే పిలుస్తారు. రేవు మా వీధి చివర మెట్లు దిగితే వచ్చేస్తుంది కనక ఆ గొంతు పొద్దస్తమానం మా ఇంట్లో మోగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లూ నేను దాన్ని గోడ గడియారంలా విన్నాను, అంటే వినలేదనే లెక్క. ఆ వారం నుంచి వినడం మొదలుపెట్టాను.

‘మూడు గంట లాంచి వచ్చె, ముందు మెట్టు తడిసి ఉంది’ అంటోంది మైకు.

ప్రయాణికులకి తెగ నచ్చింది. చొక్కాలు ఇవ్వడానికి వచ్చినవాళ్లంతా మీ ఆయన హుషారు మీదున్నాడండీ అని నాకు చెప్పి నవ్వడమే. నేనూ నవ్వాను, పళ్లు బిగించి. ఎందుకంటే ఆ మైకులో వాళ్లకి వినపడనిదొకటి నాకు వినపడుతోంది. ఆయన గొంతు వెనకాల టక్కు, టక్కు, టక్కు అని ఒక చప్పుడు. మాటకి సరిగ్గా సరిపోయే చప్పుడు. ఆ గదిలో ఉండేది ఇద్దరు. ఒకరు మా ఆయన. రెండోది టిక్కెట్ల మీద తేదీ స్టాంపు గుద్దే మనిషి, అంటే టిక్కెట్లావిడ. మా ఆయన కంటే చిన్నది, ఒంటరిది. ఈయన పాట, ఆవిడ తాళం. లాంచీలు దాటేవాళ్లందరి ముందూ, పట్టపగలు, నా చెవిన పడేలా మైకులో.

మా అమ్మాయితో అన్నాను. అది ఎప్పుడూ తండ్రి పక్షమే.

“నాన్నకి ప్రేమ కవిత్వం రాయాలనుంటే ఒంటికన్ను దొంగ మీద రాస్తాడా అమ్మా? ఎర్ర ఉల్లిపాయలు చూసి ఎవరు పడతారు?” అంది.

నేను పడ్డాను కదా అన్నాను. అది నవ్వి కళ్లజోడు తుడుచుకుంటూ పనికి వెళ్లిపోయింది. కానీ గుమ్మం దాటేముందు ఒకసారి వెనక్కి తిరిగి తండ్రి కుర్చీ వంక చూసింది. దానికీ ఏదో తేడా తెలిసిందని నాకప్పుడే అనిపించింది.

ఆయన గొడుగు మర్చిపోయి వెళ్లిన రోజు నాకు మంచి సాకు దొరికింది. నిజానికి మర్చిపోలేదు. పొద్దున దాని వైపే వేలు చూపించాడు. నాకు అర్థమైంది, నోటితో అడిగితే ఇస్తానని పంతానికి పోయి కదలకుండా కూర్చున్నాను. తడుస్తూనే వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అదే గొడుగు వేసుకుని రేవు మెట్లు దిగాను. ముందు కిటికీ వైపు పోలేదు. సామాన్ల గది పక్కసందులోంచి వెళ్లి వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను.

లాంచీ లేని వేళ. టిక్కెట్టు కోసం ఒక్క మనిషి లేడు. మా ఆయన మైకు ముందు కూర్చుని తరవాతి లాంచీ ఆలస్యమని చెబుతున్నాడు. పక్కన టిక్కెట్లావిడ ఒక పాత అట్టముక్క ముందు పెట్టుకుని దాని మీద స్టాంపు గుద్దుతోంది. టిక్కెట్టు లేదు, మనిషి లేడు, ఉత్త అట్టముక్క మీద టక్కు, టక్కు, టక్కు. చూపంతా మా ఆయన పెదాల మీద. ఆయన చూపు ఆవిడ చేతి మీద. నా ఒళ్లు మండిపోయింది.

నేను గొడుగు కర్రతో కిటికీ ఊచ మీద కొట్టాను. ఆవిడ చేయి గాల్లోనే ఆగింది. మా ఆయన వాక్యం మధ్యలో తెగింది. రేవు మొత్తం మీద మైకు ఊరికే గుయ్యిమంది. ఆయన నన్ను చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు. ఆవిడ లేచి, రండక్కా లోపలికి అంది. గొడుగు కిటికీ చువ్వకి తగిలించి, ఏం అక్కర్లేదని చెప్పి వచ్చేశాను. దారంతా నా చెప్పులు టక్కు టక్కుమంటుంటే వాటి మీదా కోపమొచ్చింది.

ఇంటికొచ్చి ఆ కోపమంతా మిషను మీద చూపించాను. తోలు బెల్టు పటుక్కున తెగింది. వీధి చివరి దుకాణం మూసేసి ఉంది, కొత్త బెల్టు మర్నాటికి గాని దొరకదు. ఇల్లు ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు. వాన కూడా వెలిసింది.

ఆయన ఇంకా వెలుతురుండగానే వచ్చాడు. వచ్చి మిషను వంక చూశాడు, తెగి వేలాడుతున్న బెల్టు వంక చూశాడు. ముఖంలో రక్తం లేదు. నేను ఎదురుగా కూర్చుని ఒకే ఒక్క మాట అడిగాను.

“ఆవిడ ఎవరండీ మీకు?”

ఆయన నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. చేతులు ఊపాడు. నాకు ఇంకా మండింది. ఊపడం కాదు, చెప్పమన్నాను. ఆయన కుర్చీ చేతి మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. డడక, డడక, డడక. నా మిషను నడకే అది. కళ్లు మూసుకుని అందుకున్నాడు.

“ఒంటికన్ను దొంగ వచ్చె, ఓడ మీద ఎక్కి వచ్చె...”

నేనడిగిందేమిటి, మీరు పాడేదేమిటి అని లేచాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా అంటే గాజు నొక్కుకుపోయింది. రెండో చేత్తో వేలు కొడుతూనే మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. చెమట పట్టేసింది. దొంగ వచ్చాడు, ఓడెక్కాడు.

“ఎక్కి వచ్చి ఏమి తెచ్చె?” అని ఆగాడు. వేలు ఆగలేదు. “నోట... మాట... రాదు... నాకు.”

నేను కూర్చున్నాను.

ఏం చేయాలో తెలియక నా చేయి కత్తెర అందుకుంది. దాని పిడితో మిషను బల్ల మీద కొట్టాను, ఆయన వేలి నడకనే పట్టుకుని. ఆయన ముఖం తేటపడింది. బరువు మోసే మనిషికి ఇంకో చేయి సాయం దొరికితే ఎలా ఉంటుందో అలా ఉంది. దొంగని మళ్లీ మళ్లీ ఓడెక్కించి, ఏమి తెచ్చె అని తనని తాను అడుక్కుని, ఒక్కొక్క ముక్కే బయటికి తెచ్చాడు. ఒకరోజు పొద్దున మైకు ముందు నాలుక చచ్చుపడినట్టయింది. మాట బుర్రలో కనిపిస్తోంది, నోట్లోకి దిగడం లేదు. దరువు ఉంటే దిగుతోంది. ఇంట్లో నా మిషను, అక్కడ ఆవిడ స్టాంపు. మిషను ఆగితే మాట ఆగిపోతోంది. నాకు చెబుదామని ఎన్నిసార్లు మొదలుపెట్టాడో, అన్నిసార్లూ నేను వినడానికి మిషను ఆపాను.

“మైకు పోతె నేను లేను,” అన్నాడు చివరికి. అదీ పాటలోనే.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. తిడుతూనే కత్తెర కొట్టడం మాత్రం ఆపలేదు.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాం. తలలో చిన్న రక్తపు గడ్డ నాళానికి అడ్డుపడిందన్నాడు. మాట్లాడే చోటు దెబ్బతిన్నా పాడే చోటు చెడలేదన్నాడు, కొందరికి అలా జరుగుతుందట. మందులు రాసిచ్చాడు. మాట రావచ్చు, ఎప్పుడో చెప్పలేనన్నాడు. రాగాలు తీయించండి, పద్యాలు చదివించండి అన్నాడు. మా అమ్మాయి పక్కన కూర్చుని గుక్కపట్టి ఏడ్చింది. చిన్నప్పుడు తనకి ముద్ద దింపిన పాటే ఇప్పుడు నాన్నకి మాట తెస్తోందంది. నేను డాక్టర్ని అదే ప్రశ్న రెండు రకాలుగా అడిగాను, జవాబు మారుతుందేమోనని. మారలేదు.

అక్కణ్నించి నేరుగా టిక్కెట్లావిడ దగ్గరికి పోయాను. క్షమాపణ అడగడానికి కాదు, అది నాకు రాదు. ఆవిడకి ముందే ఎలా తెలిసిందో కనుక్కోవాలి.

“మా నాన్నకీ ఇలాగే అయింది అక్కా,” అంది. “ఆ రోజు బాబాయ్ మైకు ముందు ఆగిపోయాడు. నేను టిక్కెట్ల కట్ట మీద స్టాంపు వేస్తున్నాను. ఆ చప్పుడుకి ఏదో దొంగ పాట ఎత్తుకుని, అందులోంచి లాంచీ వేళ చెప్పేశాడు. అప్పట్నుంచి కొడుతూనే ఉన్నా. సూపర్వైజరుకి తెలిస్తే తీసేస్తాడని భయం.”

మరి నాకెందుకు చెప్పలేదన్నాను.

“ఇంట్లో చెప్పే ఉంటాడనుకున్నా,” అంది. స్టాంపు పక్కన పెట్టి, “చెప్పలేడన్న సంగతి నాకు తట్టలేదు అక్కా,” అంది.

ఆవిడ మంచిదని ఆ క్షణమే నమ్మాను. కానీ నాకంటే ముందు ఆయన మాట ఆవిడకి దొరికిందన్న ఉక్రోషం మాత్రం పోలేదు. ఇప్పటికీ కొంచెం ఉంది, దాచను.

సూపర్వైజరుకి అప్పటికే అనుమానం వచ్చింది. ఆయన అనుమానం తాగుడు మీద. ఒకటి రెండుసార్లు దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చి కూడా వెళ్లాడట. పాటలు కట్టిపెట్టి మాట చెప్పమని హుకుం వేశాడు. నేను మిషను పని ఇంటికాడ వదిలి, కాజాలు కుట్టాల్సిన చొక్కాలు పట్టుకుని ఆ గదిలో ఓ మూల కూర్చోవడం మొదలుపెట్టాను. ఎందుకమ్మా అని సూపర్వైజరు అడిగితే, మా ఆయన మీద అనుమానం, కాపలా కాస్తున్నానన్నాను. ఆ మాట మాత్రం వెంటనే నమ్మాడు.

వానాకాలం చివర్లో ఏటికి ఒక్కసారిగా నీరు పెరిగింది. లాంచీలు ఆపేశారు. మెట్ల నిండా జనం. వెనకవాళ్లకి కబురు తెలియక తోస్తున్నారు, ముందువాళ్ల మడమలు తడుస్తున్నాయి. సూపర్వైజరే మైకు లాక్కుని, నదీ ప్రవాహ ఉద్ధృతి దృష్ట్యా అంటూ చదివాడు. ఎవరూ వినలేదు. ఆ గొంతు వాళ్లెరిగిన గొంతు కాదు. ఇంకా తోసుకున్నారు. ఒక పెద్దావిడ చెప్పు నీళ్లలో కొట్టుకుపోయింది.

మా ఆయన చేయి చాచాడు. సూపర్వైజరు ఏమనుకున్నాడో, ఇచ్చేశాడు. టిక్కెట్లావిడ స్టాంపు ఎత్తింది. నేను కత్తెర తిరగేసి పట్టుకున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఒకేసారి కొట్టాం.

“ఒంటికన్ను దొంగ రాడు, ఓడ నేడు ఎక్కి రాడు. మెట్లు దిగిన వాళ్లు అంత, మెల్లగాను పైకి రండి.”

మళ్లీ అదే. మళ్లీ మళ్లీ అదే. ముందు ఎవరో నవ్వారు. తరవాత వెనకవాళ్లు దొంగ రాడంట, దొంగ రాడంట అని ఒకరికొకరు అందించుకున్నారు. తోపులాట కాస్తా పాటకి తగ్గ నడకైంది. మెట్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి.

అంతా అయ్యాక సూపర్వైజరు తలుపు వేశాడు. ఆయన చూసింది మా ఆయన్ని కాదు, నా చేతిలో కత్తెరనీ, ఆవిడ చేతిలో స్టాంపునీ. చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే అడిగాడు.

“బాబాయ్, అదే ముక్క పాట లేకుండా ఒక్కసారి చెప్పు. మైకు నీదే.”

మేమిద్దరం చేతులు ఎత్తలేదు. ఎత్తకూడదని మా ఆయన కళ్లతోనే చెప్పాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. బయట నీళ్ల చప్పుడు వినపడింది. కాసేపు చూసి సూపర్వైజరు తలదించుకున్నాడు. రేపు ఈవిడ సెలవు పెడితే, ఆవిడకి జ్వరమొస్తే, నీళ్లు మళ్లీ పెరిగితే ఏం చేయాలి బాబాయ్ అన్నాడు. సామాన్ల గదిలో పని ఇస్తానన్నాడు. మా ఆయన మైకు తల మీది తడి జేబురుమాలుతో తుడిచి, గుడ్డ కప్పి లేచాడు. ఇంటిదాకా ఇద్దరం ఒకే గొడుగు వేసుకున్నాం.

వానలు వెనకపట్టాక కొత్త గొంతు మైకులో మాట్లాడటం మొదలైంది. మా ఆయన అది వినపడగానే కిటికీ వేసేవాడు. పగలు సామాన్ల గది, సాయంత్రం నా మిషను పక్కన కుర్చీ. బెల్టు ఎప్పుడో కొత్తది వేయించాను. నేను తొక్కుతుంటే ఆయన దొంగ చేత ఇంట్లో ఉన్న సామానంతా మోయించాడు, గిన్నె, తాళంచెవి, దువ్వెన, దుప్పటి. ఇంత తిరిగినా ఆ దొంగకి నన్ను తేవడం చేతకాలేదు. టైలరమ్మా అన్న పిలుపు ఆ పాట నడకలో ఇమడదు. నేను ఎన్ని రకాలుగా తొక్కి చూశానో నాకు తెలుసు.

ఒక సాయంత్రం ఆయన మరీ దిగాలుగా ఉన్నాడు. దరువుకి కూడా పెదవి విప్పలేదు. సరే, నేనే కడదామనుకున్నాను. జన్మలో ఒక్క పాదం కట్టి ఎరగను. మిషను తొక్కుతూ ఎత్తుకున్నాను.

“ఒంటికన్ను దొంగ వచ్చె, ఓడ మీద ఎక్కి వచ్చె. ఎక్కి వచ్చి ఏమి తెచ్చె? చొక్కాకి గుండీ తెచ్చె.”

ఆయన మొహం చిట్లించాడు. నేను పట్టించుకోకుండా అదే మళ్లీ పాడాను, ఇంకా గట్టిగా. మూడోసారి కూడా గుండీ దగ్గరే బోర్లాపడ్డాను. దారం చిక్కుపడి మిషను ఆగిపోయింది. నేను వంగి చిక్కు తీస్తున్నాను. ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

“కుంటుతోందే, టైలరమ్మా,” అన్నాడు ఆయన.

పాట కాదు. వేలు కదల్లేదు. విసుక్కుంటూ, మామూలుగా, ఎప్పట్లా అన్నాడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. నేను తలెత్తలేదు, ఎత్తితే ఆ మాట బెదిరి పారిపోతుందేమోనని. దారం చిక్కు ఎప్పుడో వచ్చేసింది, అయినా తీస్తూనే ఉన్నాను.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం నేనే పాట కడుతున్నాను. ఆయన దిద్దుతున్నాడు, ఒక రోజు రెండు మాటలు, ఒక రోజు నాలుగు. నడక ఇప్పుడు నాకు బాగానే పట్టుబడింది, కావాలనే ఎక్కడో ఒకచోట కుంటిస్తాను. ఆ సంగతి ఆయనకి ఎప్పుడో తెలిసిపోయిందని నా అనుమానం.